రైల్లో సామాను: వెంట పట్టుకెళ్లాలా, లగేజ్‌లో వేయాలా, పార్సిల్ చేయాలా? విజయవాడ, గుంటూరు వాళ్ల కోసం ఒక పోలిక

జూన్ వచ్చిందంటే మా ఇంట్లో అటక మీద ఉన్న కొక్కెం కాటా కిందికి దిగుతుంది. ఎవరో ఒకరు ఊరు మారుతూనే ఉంటారు. అక్క కూతురికి చెన్నైలో కాలేజీ సీటు, తమ్ముడికి సికింద్రాబాద్ బదిలీ, పక్కింటి అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇంత సామాను ఉంది కదా, మాతోపాటే బోగీలో పెట్టేసుకుందామా, బుక్ చేద్దామా, లేకపోతే లారీకి వేసేద్దామా?"

ఇన్నాళ్లూ మనలో చాలామంది బోగీలో కుక్కేసి, టీసీ ఏమీ అనకపోతే చాలు అనుకుంటూ వెళ్లిపోయాం. అలా వెళ్లినా ఫరవాలేదని నేను చెప్పలేను. 2025 డిసెంబర్‌లో లోక్‌సభలో నెల్లూరు ఎంపీ వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి ఇదే విషయం అడిగితే, రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ క్లాసుల వారీగా పరిమితులు చెప్పి, ఉచిత బరువు దాటిన సామానుకి లగేజ్ రేటుకి ఒకటిన్నర రెట్లు కట్టాలని జవాబిచ్చారు. ఇది కొత్త రూలేమీ కాదు. ఎప్పటి నుంచో ఉన్నదే, మనం పట్టించుకోలేదంతే.

## ముందు ఈ ఐదూ తేల్చుకోండి

సామాను వెళ్లే రైల్లోనే మీరూ వెళ్తున్నారా, లేదా? మొత్తం బరువెంత, అన్నిటికన్నా పెద్ద పెట్టె కొలత ఎంత? ఆ సామాను పోతే మీకు ఎంత నష్టం? ఎప్పటికి చేరాలి? అవతలి ఊళ్లో దించుకోవడానికి ఎవరున్నారు?

మొదటి నాలుగూ ఎవరైనా ఆలోచిస్తారు. ఐదోది మర్చిపోతారు, ఇబ్బంది కూడా అక్కడే వస్తుంది. రైలు మీ సామాన్ని స్టేషన్ వరకే చేరుస్తుంది, గుమ్మం వరకు కాదు. అక్కడికి రసీదు పట్టుకుని వెళ్లి, సంతకం పెట్టి, ఆటో మాట్లాడుకుని తెచ్చుకునే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే రైలు ఎంత చవకైనా మీకు చవక కాదు.

బరువు కూడా చేత్తో ఎత్తి అంచనా వేయకండి. మూడు వందల రూపాయల కొక్కెం కాటా కొనుక్కోండి. పుస్తకాలు నింపిన చిన్న అట్టపెట్టె చూడ్డానికి ఏముంటుంది అనిపిస్తుంది, తూస్తే పాతిక కిలోలు తేలుతుంది.

## ఒకటో దారి: మీతోపాటే బోగీలో

టికెట్ ఉన్న ప్రతి మనిషికీ కొంత బరువు ఉచితం. డబ్బు కడితే ఇంకొంత బోగీలోనే పెట్టుకోవచ్చు. దానికీ ఒక హద్దు ఉంది.

| క్లాసు | ఉచితంగా | డబ్బు కట్టినా బోగీలో గరిష్ఠంగా |
|---|---|---|
| ఫస్ట్ ఏసీ | 70 కిలోలు | 150 కిలోలు |
| సెకండ్ ఏసీ, ఫస్ట్ క్లాస్ | 50 కిలోలు | 100 కిలోలు |
| థర్డ్ ఏసీ, ఏసీ చైర్‌కార్ | 40 కిలోలు | 40 కిలోలు |
| స్లీపర్ | 40 కిలోలు | 80 కిలోలు |
| సెకండ్ క్లాస్ (జనరల్) | 35 కిలోలు | 70 కిలోలు |

5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఇందులో సగం.

ఈ పట్టికలో థర్డ్ ఏసీ వరుస మళ్లీ చూడండి. ఉచితం 40, గరిష్ఠం కూడా 40. అంటే ఎక్కువ డబ్బు పోసి ఏసీ టికెట్ కొన్నవాళ్లకి, స్లీపర్‌లో వెళ్లేవాళ్లకన్నా బోగీలో తక్కువ సామానే చెల్లుతుంది. హాస్టల్‌కి వెళ్లే పిల్లతో ఇద్దరు పెద్దవాళ్లు వెళ్తున్నారనుకోండి. ముగ్గురికీ స్లీపర్ తీస్తే 120 కిలోలు ఉచితం, డబ్బు కడితే 240 దాకా బోగీలోనే. అదే థర్డ్ ఏసీ అయితే 120 దగ్గర ఆగిపోవాలి. చెన్నై ఎంత, దాదాపు 430 కిలోమీటర్లు. సామాను ఎక్కువున్న ప్రయాణానికి నేనైతే స్లీపరే తీసుకోమంటాను. పగటి పూట పినాకిని లాంటి రైల్లో చైర్‌కార్ హాయిగా ఉంటుంది కానీ, లెక్క థర్డ్ ఏసీదే.

కొలత సంగతి. ట్రంకు పెట్టె గానీ సూట్‌కేసు గానీ బోగీలోకి రావాలంటే 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 మందం లోపు ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి దాటినా లగేజ్ వ్యాన్‌లో వేయాల్సిందే. పిల్లల స్కేలు 30 సెంటీమీటర్లు కదా, పెట్టె మందం దానికన్నా తక్కువ ఉండాలన్నమాట. నిండా కుక్కి, మీద కూర్చుని జిప్ వేసిన పెద్ద ట్రాలీ పొట్ట ఆ కొలత దాటిపోతుంది. రెండు చిన్న సూట్‌కేసులు తీసుకెళ్లడం మేలు, బెర్త్ కింద సర్దుకోవడానికీ వీలుగా ఉంటాయి.

ఇక జరిమానా. ముందే వెళ్లి బుక్ చేసుకుంటే అదనపు బరువుకి లగేజ్ రేటుకి ఒకటిన్నర రెట్లు. బుక్ చేయకుండా దొరికితే ఆరు రెట్లు. రేటు రూపాయి అనుకుంటే, కౌంటర్ దగ్గర రూపాయిన్నరతో పోయేది రైల్లో ఆరు రూపాయలవుతుంది. నాలుగింతలు! చిన్న మినహాయింపు ఉంది: ఉచిత బరువు మీద పది కిలోల లోపు (ఫస్ట్ ఏసీలో పదిహేను) దాటితే రైల్లో పట్టుకున్నా ఒకటిన్నర రెట్లే వేస్తారు. అది కూడా దాటితే మొత్తం అదనపు బరువుకీ ఆరు రెట్లు. స్లీపర్‌లో 49 కిలోలతో దొరికినవాడికి తొమ్మిది కిలోలకి ఒకటిన్నర రెట్లు, 52 కిలోలతో దొరికినవాడికి పన్నెండు కిలోలకీ ఆరు రెట్లు. మూడు కిలోల తేడాకి ఇంత తేడా. అందుకే కాటా అన్నాను.

వెంట తీసుకెళ్లడంలో గొప్ప సుఖం ఏమిటంటే, సామాను కళ్లముందే ఉంటుంది. గొప్ప లోటు కూడా అదే. బుక్ చేయని సామాను పోతే, రైల్వే ఉద్యోగుల నిర్లక్ష్యం వల్లే పోయిందని మీరు నిరూపిస్తే తప్ప రైల్వే బాధ్యత తీసుకోదు. 1989 రైల్వే చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. కాబట్టి బంగారం, సర్టిఫికెట్లు, మందులు బెర్త్ కింద పెట్టకండి. తల దగ్గర పెట్టుకునే సంచిలో ఉంచండి.

ఏ దారిలోనూ తీసుకెళ్లకూడనివి కొన్ని ఉన్నాయి: గ్యాస్ సిలిండర్, పెట్రోలు, కిరోసిన్, టపాసులు, యాసిడ్. ఇల్లు మారేవాళ్లు ఐదు కిలోల చిన్న సిలిండర్‌ని గోనెసంచిలో చుట్టి తెస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష మాట పక్కన పెట్టినా, అదే బోగీలో డెబ్భై మంది నిద్రపోతుంటారు. గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేసి ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకోవడం అరపూట పని. రోగి కోసం తీసుకెళ్లే ఆక్సిజన్ సిలిండర్‌కి మాత్రం అన్ని క్లాసుల్లోనూ అనుమతి ఉంది. ఆసుపత్రికి పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

## రెండో దారి: అదే రైల్లో, లగేజ్ వ్యాన్‌లో

మీ చేతిలో టికెట్ ఉంది, సామాను బోగీలో పట్టదు. అప్పుడు స్టేషన్‌లోని పార్సిల్, లగేజ్ ఆఫీసుకి వెళ్లి టికెట్ చూపించి బుక్ చేస్తే, అదే రైలుకి ముందో వెనకో ఉండే లగేజ్ వ్యాన్‌లో ఎక్కిస్తారు. మీరు దిగిన చోటే అదీ దిగుతుంది.

రైలుకి కనీసం అరగంట ముందు తేవాలని రూలు. అరగంట ముందు వెళ్తే మాత్రం పని కాదు. తూకం, ఫారం, రసీదు, ప్యాకెట్ మీద గుర్తులు వేయడం, ప్లాట్‌ఫాం మీదకి తోపుడు బండి చేరడం... రెండు మూడు గంటల ముందే అక్కడ ఉండండి. ఒక రోజు ముందు వెళ్లి "ఫలానా రైల్లో లగేజ్ తీసుకుంటారా, ఫలానా స్టేషన్‌లో దించుతారా" అని అడిగి వస్తే ఇంకా మంచిది.

ఎందుకంటే అన్ని రైళ్లకీ ఈ సౌకర్యం ఉండదు. వందేభారత్‌కి లగేజ్ వ్యానే లేదు. విశాఖ వందేభారత్ విజయవాడ మీదుగా, తిరుపతి వందేభారత్ గుంటూరు మీదుగా వెళ్తున్నాయని సంబరపడి టికెట్ తీసుకుంటే, సామాను ఇంటి దగ్గరే ఉండిపోతుంది. అలాగే రైలు రెండు నిమిషాలే ఆగే స్టేషన్‌లో బరువైన సామాను దించడం కుదరదు. మీ ఊరు అలాంటిదైతే దగ్గర్లోని పెద్ద స్టేషన్‌కే బుక్ చేసుకోవాలి.

గుంటూరు వాళ్లకి ఇక్కడ ఒక సలహా. విజయవాడలో చాలా రైళ్లు పది నిమిషాల దాకా నిలబడతాయి, గుంటూరులో మీదుగా పోయే రైళ్లకి అంత సమయం ఉండదు. సికింద్రాబాద్ వైపు అయితే గుంటూరులోనే బయల్దేరే గోల్కొండ లాంటి రైలు చూసుకోండి, ఎక్కించడానికి తీరిక ఉంటుంది. చెన్నైకో విశాఖకో అయితే సామాను ముప్పై కిలోమీటర్లు ఆటో ట్రాలీలో విజయవాడకి తెచ్చి, అక్కడ బయల్దేరే పినాకినిలోనో రత్నాచల్‌లోనో వేయడం నిశ్చింత. ఆ ట్రాలీ కిరాయి దండగ కాదు.

డబ్బు లెక్కలో ఇది పార్సిల్ కన్నా ఖరీదే. లగేజ్ రేటే ఎక్కువ, దాని మీద ఒకటిన్నర రెట్లు. అయినా మీతోపాటే వస్తుంది, మీతోపాటే దిగుతుంది, రసీదు ఉంటుంది. వంద కిలోల లోపు ఇంటి సామానుతో వెళ్లే చిన్న కుటుంబానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

## మూడో దారి: పార్సిల్

దీనికి మీ టికెట్‌తో పని లేదు. మీరు వెళ్లకపోయినా సామాను వెళ్తుంది. బరువు, దూరం, ఏ రైలు అనే మూడింటి మీద ఛార్జీ ఉంటుంది. పార్సిల్ రేట్లలో స్టాండర్డ్, ప్రీమియర్, రాజధాని అని మెట్లున్నాయి. అదే పెట్టె, అదే దూరం అయినా, రైలు మారితే డబ్బు మారుతుంది. రాజధాని మెట్టు అన్నిటికన్నా ఖరీదు. తొందర లేనివాళ్లు "తక్కువ రేటు పడే రైలు ఏది?" అని కౌంటర్‌లో తప్పకుండా అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు.

పని ఇలా జరుగుతుంది. ఫార్వార్డింగ్ నోట్ నింపాలి: పంపేవాళ్లెవరు, తీసుకునేవాళ్లెవరు, లోపల ఏముంది, విలువెంత. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. తూచి డబ్బు కట్టించుకుని రైల్వే రసీదు ఇస్తారు. అందరూ దాన్ని ఆర్ఆర్ అంటారు. దాని మీదున్న నంబరుతో రైల్వే పార్సిల్ వెబ్‌సైట్‌లో సామాను ఎక్కడుందో చూసుకోవచ్చు.

ఆర్ఆర్ గురించి ఇంకొంచెం చెప్పాలి. రెండేళ్ల కిందట మా అక్క వాళ్లు కొడుక్కి బెంగళూరుకి నాలుగు పెట్టెలు పంపారు. అబ్బాయి స్టేషన్‌కి వెళ్లాడు. పెట్టెలు వచ్చాయి, కంటికి కనపడుతున్నాయి, మూత మీద అక్క రాసిన పేరు కూడా చదవగలుగుతున్నాడు. చేతిలో ఉన్నది మాత్రం వాట్సాప్‌లో వచ్చిన ఆర్ఆర్ ఫోటో. అసలు కాగితం గుంటూరులో మా అక్క బీరువాలో, పట్టుచీరల కింద భద్రంగా ఉంది! అసలు కాగితం ఇస్తేనే డెలివరీ. అది లేకపోతే స్టాంపు పేపరు మీద పూచీకత్తు బాండు రాసివ్వాలి. చివరికి కొరియర్‌లో కాగితం వెళ్లేసరికి మూడు రోజులు పట్టింది, ఉచిత గడువు దాటినందుకు నిల్వ ఛార్జీ కూడా పడింది. తప్పు ఎవరిదీ కాదు, మాదే. ఆర్ఆర్ చేతికి రాగానే అవతలి మనిషికి పంపించేయండి, ఫోటో మీరు దాచుకోండి. మేం చేసింది దీనికి సరిగ్గా తలకిందులు.

పార్సిల్‌లో ఇంకో అనిశ్చితి ఏమిటంటే, వ్యాన్‌లో చోటుంటేనే ఎక్కుతుంది. ఈ రోజు బుక్ చేసింది రేపటి రైలుకి వెళ్లొచ్చు. అందుకే పరుపు, దుప్పట్లు, రోజూ వాడే గిన్నెలు పార్సిల్‌లో వేసి, కొత్త ఊళ్లో మొదటి రాత్రి కటిక నేల మీద పడుకోకండి. రెండు మూడు రోజులు లేకపోయినా గడిచే సామానే పార్సిల్‌కి: పుస్తకాలు, చలికాలం బట్టలు, గ్రైండర్, కుట్టు మిషన్.

పాత ఇంటి సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి తీసుకునే జీఎస్టీ పత్రం) అక్కర్లేదు. వ్యాపార సరుకు 50,000 రూపాయలు దాటితే కావాలి.

## స్కూటర్, బైక్ సంగతి

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి విడిగా రాస్తున్నాను. బండిని లగేజ్‌గానూ వేయొచ్చు, పార్సిల్‌గానూ వేయొచ్చు. మీరు అదే రైల్లో వెళ్తుంటే లగేజ్, లేకపోతే పార్సిల్. టికెట్ ఉంది కదా అని 40 కిలోల ఉచితం బండి బరువులో తగ్గించరు, మొత్తానికీ ఛార్జీ ఉంటుంది.

ఆర్‌సీ కాపీ, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ట్యాంకులో పెట్రోలు చుక్క కూడా ఉండకూడదు. స్టేషన్ బయట ట్యూబు పెట్టి సీసాలోకి తీయడం కన్నా, ముందు రోజే ఇంట్లో ఆరుబయట తీసేయండి. స్టేషన్ వరకు తోసుకుంటూనో, ట్రాలీలోనో తేవాలి.

ప్యాకింగ్ చేసేవాళ్లు స్టేషన్ దగ్గరే దొరుకుతారు. వాళ్ల పని చూడ్డం బాగుంటుంది. ముందు అద్దాలు విప్పి సీటు కింద పెట్టమంటారు. హెడ్‌లైట్‌కి, పక్క లైట్లకి అట్టముక్కలు కట్టి, ట్యాంకుకి గడ్డి చుట్టి, మీద గోనెపట్టా వేసి, దబ్బనంతో పురికొస లాగి కుడుతుంటే పది నిమిషాల్లో బండి గుర్తుపట్టలేకుండా మారిపోతుంది. ఆ గోనె మీద ఊరి పేరు, రసీదు నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. మార్కర్‌తో కాదు, పెయింటుతో. వానొస్తే మార్కర్ చెరిగిపోతుంది. కుట్టడానికి ముందు బండిని నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి, నంబర్ ప్లేటు, ఓడోమీటరు కనపడేలా.

ఇప్పుడు డబ్బు సంగతి. విలువ ప్రకటించకపోతే, పోయినా పాడైనా రైల్వే ఇచ్చే పరిహారానికి హద్దు ఉంది: లగేజ్‌కి కిలోకి 100 రూపాయలు, పార్సిల్‌కి కిలోకి 50. మీ స్కూటర్ 110 కిలోలు అనుకుందాం. లగేజ్‌గా వేస్తే గరిష్ఠంగా 11,000, పార్సిల్‌గా వేస్తే 5,500. కొన్న ధర లక్ష. అందుకని బుక్ చేసేటప్పుడే విలువ ప్రకటించి, దాని మీద పడే శాతం ఛార్జీ కట్టండి. చాలామంది ఆ నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. కౌంటర్‌లో వాళ్లు కూడా వెనక క్యూ ఉందని తొందరపెడతారు. మీరు తొందరపడకండి.

## నాలుగో దారి: రోడ్డు మీద

రైలు గురించి రాస్తూ ఇది వదిలేస్తే పోలిక సగమే అవుతుంది.

ఆర్టీసీ కార్గో చిన్న ప్యాకెట్లకి బాగుంటుంది. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో, గుంటూరు బస్టాండ్‌లో కౌంటర్లున్నాయి. అవనిగడ్డ, తిరువూరు లాంటి రైలు లేని ఊళ్లకి ఇంతకన్నా సులువైనది లేదు. రెండు కిలోల ఆవకాయ జాడీ కోసం రైల్వే పార్సిల్ ఆఫీసు మెట్లెక్కడం అనవసరం.

ఇల్లు మొత్తం కదిలితే మాత్రం లారీయే. బీరువా, డబుల్ కాట్ మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉన్నప్పుడు రైలు మాట మర్చిపోండి. విజయవాడ ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు వరసగా ఉంటాయి. లారీ మొత్తం మాట్లాడుకోవచ్చు, లేదా వేరేవాళ్ల సరుకుతో కలిపి వేయొచ్చు. కలిపి వేస్తే చవక, కానీ మధ్యలో గోడౌన్‌లో దించి మళ్లీ ఎక్కిస్తారు. ఎన్నిసార్లు దించితే అన్ని గీతలు పడతాయి. పెళ్లైన అమ్మాయికి సారె సామాను పంపేవాళ్లు ఈ కలిపి వేసే పద్ధతి జోలికి వెళ్లొద్దని నా గట్టి సలహా. కొత్త బీరువా తలుపు మీద సొట్టతో అత్తవారింటికి చేరితే ఆ పిల్ల మనసు ఎంత నొచ్చుకుంటుందో డబ్బుతో లెక్కకట్టలేం. ఏ లారీ అయినా కిరాయిలో ఎక్కింపు, దింపుడు కూలి ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | బోగీలో వెంట | లగేజ్ వ్యాన్ | పార్సిల్ | లారీ |
|---|---|---|---|---|
| టికెట్ కావాలా | కావాలి | కావాలి | అక్కర్లేదు | అక్కర్లేదు |
| ఖర్చు | హద్దులోపు ఉచితం | పార్సిల్ కన్నా ఎక్కువ | తక్కువ | దూరం, లారీని బట్టి, అన్నిటికన్నా ఎక్కువే |
| ఎప్పుడు చేరుతుంది | మీతోనే | మీతోనే | చోటు దొరికినప్పుడు | మాట్లాడుకున్నట్టు |
| గుమ్మం దాకా | మీరే మోయాలి | స్టేషన్ వరకే | స్టేషన్ వరకే | అవును |
| విలువ ప్రకటించకపోతే పరిహారం | నిర్లక్ష్యం నిరూపిస్తేనే | కిలోకి 100 వరకు | కిలోకి 50 వరకు | వాళ్ల రసీదు షరతుల ప్రకారం |

## ఎవరికి ఏది

హాస్టల్ పిల్లలకి: స్లీపర్ టికెట్, మనిషికి 40 కిలోల లోపు, అన్నీ వెంటే. పరుపు అక్కడ కొనుక్కోవచ్చు. ఇక్కడి నుంచి మోసుకెళ్లే కష్టం కన్నా అదే నయం.

ఒంటరిగా ఉద్యోగానికి వెళ్లే కుర్రాళ్లకి: బట్టలు, లాప్‌టాప్ వెంట, బండి పార్సిల్‌లో, విలువ ప్రకటించి. ముందు మీరు చేరండి, గది దొరకనివ్వండి, తర్వాత ఇంట్లోవాళ్లు బండి పంపిస్తారు. గది లేకుండా బండి ముందే వస్తే స్టేషన్‌లో నిల్వ ఛార్జీ పెరుగుతూ ఉంటుంది.

బదిలీ మీద వెళ్లే కుటుంబానికి: సామాను రెండు భాగాలు చేయండి. పెద్ద సామాను లారీకి. లారీ వచ్చేలోపు కావాల్సిన పొయ్యి (సిలిండర్ కాదు), నాలుగు గిన్నెలు, పక్కబట్టలు, పిల్లల పుస్తకాలు మీ రైల్లోనే లగేజ్‌గా. మా తమ్ముడు సికింద్రాబాద్ వెళ్లినప్పుడు ఇలాగే చేశాడు. శాతవాహనలో దిగి, లగేజ్ తీసుకుని, రాత్రికి కుక్కర్ ఎక్కించేశారు. లారీ రెండు రోజుల తర్వాత వచ్చినా ఎవరికీ కంగారు లేదు.

చీరల చిన్న వ్యాపారులకి ఇది కాస్త శ్రద్ధగా చెప్పాలి. వన్‌టౌన్ వస్త్రలతలో కొనో, మంగళగిరి మగ్గాల దగ్గర తీసుకునో మూటలు కట్టి రైల్లో పట్టుకెళ్లే ఆడవాళ్లు చాలామంది. వ్యాపార సరుకుని సొంత లగేజ్ పేరుతో బోగీలో పెట్టుకోవడానికి రూలు ఒప్పుకోదు, ఉచిత బరువులోపు ఉన్నా సరే. దాన్ని పార్సిల్‌గానే వేయాలి. విలువ ప్రకటించకుండా వేస్తే మాత్రం ప్రమాదం. ఇరవై కిలోల చీరల మూట పోతే, కిలోకి 50 చొప్పున వచ్చేది వెయ్యి రూపాయలు. ఒక్క చీర ధర కూడా కాదు. బిల్లులు జతచేసి, అసలు విలువ రాసి, ఆ శాతం ఛార్జీ కట్టి పంపండి. మీ పెట్టుబడి మొత్తం ఆ మూటలోనే ఉంటుంది.

పెద్దవయసు వాళ్లకి: పిల్లల దగ్గరికి వెళ్తూ పచ్చళ్లు, కారం, నూజివీడు రసాలు అన్నీ తీసుకెళ్లాలనిపిస్తుంది. బరువు హద్దులోపే ఉన్నా, ప్లాట్‌ఫాం మీద మెట్లెక్కి దిగేది మీరు. పచ్చళ్లు, కారం ముందే కార్గోలో పంపేసి, పళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి. కారం సంచిని మాత్రం రెండు పాలిథిన్ కవర్లలో కట్టండి. గుంటూరు కారం చిల్లుపడి బోగీలో లేచిందంటే ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు.

## అవతలి స్టేషన్‌లో సంతకం పెట్టే ముందు

లగేజ్ అయినా పార్సిల్ అయినా, తీసుకున్నట్టు సంతకం పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. ప్యాకెట్లు లెక్కపెట్టండి. కుట్టు విప్పి మళ్లీ కుట్టినట్టుందా, తాడు రంగు మారిందా, మూల నలిగిందా, తడిసిందా చూడండి. అనుమానం వస్తే "ఓపెన్ డెలివరీ కావాలి" అని అడగండి. అప్పుడు వాళ్ల ఎదురుగానే విప్పి, ఏది తగ్గిందో ఏది పగిలిందో కాగితం మీద రాస్తారు. ఇంటికి తెచ్చి విప్పాక మిక్సీ జార్ పగిలిందని ఫోన్ చేస్తే, పగిలింది రైల్లోనో ఆటోలోనో చెప్పేవాళ్లు ఉండరు.

అసలు సామానే రాకపోతే, లేదా పాడై వస్తే, సామాను అప్పగించిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు రైల్వేకి రాతపూర్వకంగా క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి. ఫోన్లు, కౌంటర్ దగ్గర మాటలు లెక్కలోకి రావు. ఆర్ఆర్ కాపీ, విలువకి రుజువుగా బిల్లులు, మీరు ముందే తీసిపెట్టుకున్న ఫోటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ పోస్టు రసీదు కూడా దాచుకోండి. జవాబు సరిగా లేకపోతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. అక్కడ కూడా ముందు అడిగేది ఆ నోటీసు తేదీనే.